లేని ముగ్గురి కోసం

వేణుమాధవ్ కొండలెక్కడం మొదలుపెట్టింది కొండల మీద మోజుతో కాదు. అమ్మకు చెప్పిన ఒక అబద్ధానికి ఫోటోలు కావలసి వచ్చి.

ఈ సంగతి ముందే చెప్పకపోతే తర్వాత జరిగినదాన్ని ఎవరూ నమ్మరు. మనిషికి నలభై మూడేళ్లు. అమెరికాలో, సన్నీవేల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. విడాకులై మూడేళ్లు. విడాకుల్లో ఇల్లు పోయింది, అది అనుకున్నదే. స్నేహితులు కూడా పోతారని మాత్రం అనుకోలేదు. అక్కడ మనవాళ్ల స్నేహాలన్నీ కుటుంబాల మధ్య స్నేహాలు. ఆడవాళ్లు మాట్లాడుకుని శనివారం తలా ఓ వంటకం తెచ్చుకునే పాట్‌లక్ పెట్టుకుంటారు, పిల్లలు మేడ మీద గెంతుతారు, మగవాళ్లు గరాజ్‌లో నిలబడి గ్రీన్‌కార్డు కోసం ఏడుస్తారు. అందులోకి ఒంటి మగాణ్ణి ఏమని పిలుస్తారు? మొదట్లో రెండు మూడుసార్లు పిలిచారు. ఒకసారి మాజీ భార్య హంసిక కూడా వస్తోందని, ఇబ్బందిగా ఉంటుందేమోనని, ఇతణ్ణి పిలవలేదు. ఆ తర్వాత పిలవకపోవడమే అలవాటైపోయింది. ఎవరి తప్పూ లేదు. అదే వచ్చిన చిక్కు. తప్పు ఎవరిదైనా అయితే వాళ్లని తిట్టుకుంటూ అయినా పొద్దుపుచ్చవచ్చు.

బాపట్ల నుంచి వాళ్లమ్మ చాముండేశ్వరమ్మ ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. "శనాదివారాలు ఒక్కడివే ఏం చేస్తున్నావురా?" అని అడిగి, జవాబు వినకుండానే ముక్కు చీదేది. ఆ చీదడం భరించలేక ఒకరోజు, సోఫాలో వెల్లకిలా పడుకుని ఉండి, "ఒక్కణ్నెందుకమ్మా, ఫ్రెండ్స్‌తో హైకింగ్‌కి వచ్చాను" అనేశాడు.

"అవునా నాన్నా! ఏదీ, ఓ ఫోటో పెట్టూ."

ఇంకేం చేస్తాడు? సిగ్నల్ లేదని బొంకి, ఆ మరుసటి శనివారం కారేసుకుని వెళ్లి దగ్గర్లో ఉన్న ఒక కొండెక్కి ఫోటో దిగి పంపాడు. "మిగతావాళ్లేరీ?" అంది అమ్మ. "ఫోటో తీసింది శేషగిరి గారమ్మా" అన్నాడు. అలా పుట్టాడు శేషగిరి, యాభై రెండేళ్ల వయసుతో సహా. ఆ తర్వాతి నెలలో నీరజ్ పుట్టాడు, ఇంకా పెళ్లికాని కుర్రాడు. చివరగా ఉమాకాంత్.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. కానీ బాపట్ల ఆడవాళ్ల ముందు ఏ అబద్ధం అతుకుతుంది? "ఏ ఊరు వాళ్లు? ఎవరి తాలూకు?" అన్నది ఆవిడ మొదటి ప్రశ్న. ఉమాకాంత్‌ది వేటపాలెం అని నోరు జారాడు. "వేటపాలెంలో మా పిన్నత్తగారు లేరూ! ఇంటిపేరు చెప్పు, కనుక్కుంటాను" అందావిడ సంబరంగా.  వాళ్లు ఎప్పుడో హైదరాబాద్ వెళ్లిపోయారని, ఊళ్లో ఎవరికీ గుర్తుండరని వేణు సర్దాడు. నీరజ్‌కి వేరుశనగ పడదన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలియదు, మాట వరసకి వచ్చేసింది. ఆవిడ మాత్రం మరిచిపోలేదు. నీరజ్‌కి రెండు సంబంధాలు కూడా చూసింది.

అబద్ధం సంగతి ఎలా ఉన్నా, కొండ మాత్రం అతనికి నిజంగానే పట్టుబడింది. మొదట ఫోటో కోసం ఎక్కినవాడు తర్వాత ఫోటో తీసుకున్నాక కూడా దిగకుండా పైకే నడిచేవాడు. రెండు మైళ్లు పదయ్యాయి, పది ఇరవయ్యాయి. అక్కడ మనిషి ఒక్కడే ఉండటం వింత కాదు. రెస్టారెంట్‌లో లాగా "జస్ట్ వన్?" అని ఎవరూ అడగరు.

అలా రెండేళ్లు గడిచాక ఈ ఏడాది జాన్ మ్యూర్ ట్రయల్‌కి పర్మిట్ దొరికింది. సియెర్రా కొండల వెన్ను మీద రెండువందల పైచిలుకు మైళ్ల నడక, మూడు వారాలు. వేసవి తేదీలకు లాటరీలో పేరు రాలేదు, సెప్టెంబర్ ఆఖరుకి వచ్చింది. ఆ వేళప్పుడు వెళ్లేవాళ్లు తక్కువ. మంచు ఎప్పుడు పడుతుందో చెప్పలేరు. ఆఫీసులో లీవ్ అడిగితే మేనేజర్ "ఎంజాయ్" అన్నాడు. ఎక్కడికని కూడా అడగలేదు.

అమ్మ అప్పటికి ఆరు నెలల కోసం అమెరికాలోనే ఇంకో రాష్ట్రంలో, ఇర్వింగ్‌లో ఉన్న వేణు చెల్లెలు రాగిణి దగ్గరికి వచ్చి ఉంది. విషయం విని భయపడింది గానీ, "శేషగిరి గారుంటారుగా, ఫరవాలేదులే. నలుగురితో నారాయణా" అని తనకు తనే ధైర్యం చెప్పుకుంది. నాలుగో రోజుకి సన్నీవేల్‌కి పార్సిల్ వచ్చింది. నాలుగు డబ్బాల సున్నుండలు. మూతల మీద తెలుగులో, మార్కర్‌తో, నాలుగు పేర్లు. నీరజ్ డబ్బా మీద పేరు కింద "పల్లీలు తగలలేదు" అని రాసి ఉంది. వేణు ఆ నాలుగు డబ్బాలూ వంటింటి గట్టు మీద పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. అప్పుడైనా నిజం చెప్పేస్తే ఈ కథ ఉండేది కాదు. చెప్పలేదు. నాలుగు డబ్బాల్లోవీ ఒక్క సంచిలో పోసి, ఎలుగుబంట్లు తెరవలేని ప్లాస్టిక్ పీపాలో కుక్కి, వీపున వేసుకుని బయలుదేరాడు.

శాటిలైట్ మెసెంజర్ ఒకటి కొన్నాడు. సాయంత్రం ఒక బటన్ నొక్కితే ముందే రాసిపెట్టిన మెసేజ్ రాగిణికి వెళ్తుంది. రాసిపెట్టింది ఇదీ: "నలుగురం క్షేమం. క్యాంప్‌కి చేరాం."

మొదటి వారం హాయిగానే గడిచింది. ఎండ పల్చగా కాసేది. లోయల్లో గడ్డి ఎర్రబడి, వాగుల పక్క పొదలు పసుపు తిరిగి, సరస్సుల అంచున తెల్లవారుజామున అప్పడంలాంటి మంచు కట్టేది, ఎండెక్కితే కరిగేది. దోమలు లేవు. ఉడతలు కూడా శీతాకాలం సరుకు సర్దుకునే హడావిడిలో ఇతని వైపు చూసేవి కావు. రేంజర్ల గుడిసెలకు తాళాలు పడ్డాయి. ఎదురుపడే మనుషులు రోజుకు ఇద్దరు, ఆ తర్వాత ఒక్కరు, తొమ్మిదో రోజు నుంచి సున్నా.

మాట్లాడక గొంతు బొంగురుపోయింది. పదో రోజు ఒక ఎత్తు ఎక్కి ఆయాసంతో నిలబడి, "శేషగిరి గారూ, కాస్త ఆగండి సార్" అన్నాడు పైకే. అని నవ్వుకున్నాడు. నవ్వాక ఏడుపొచ్చింది. అయినా ఆ రోజు నుంచి మాట్లాడటం మానలేదు. ఉమాకాంత్‌తో వేటపాలెం జీడిపప్పు గురించి మాట్లాడేవాడు. ఇది నీరజ్ వాటా, ఇది నీ వాటా అంటూ సున్నుండలు తినేవాడు. సాయంత్రం బటన్ నొక్కి, "నలుగురం క్షేమం" వెళ్లిందని పచ్చలైటు వెలిగాక, టెంట్‌లో దూరి పడుకునేవాడు. ఆ మెసేజ్‌కి రాగిణి జవాబు రోజూ ఒకటే: బొటనవేలు బొమ్మ.

పన్నెండో రోజు వాగు దాటుతూ రాయి మీద కాలు జారి మొలలోతు నీళ్లలో పడ్డాడు. దెబ్బలేం తగల్లేదు. మెసెంజర్ మాత్రం చచ్చింది. ఎంత తుడిచినా, ఎన్ని బటన్లు నొక్కినా వెలగలేదు. ఫోన్ పైజేబులో ఉండి బతికిందిగానీ, అక్కడ సిగ్నల్ ఎక్కడిది? వెనక్కి పోవాలన్నా, ముందుకు పోయి కనుమ దాటి రోడ్డు చేరాలన్నా మూడు రోజులే. ముందుకే కదిలాడు.

ఆ మర్నాడు పన్నెండు వేల అడుగుల ఎత్తున కనుమ ఎక్కుతుండగా మంచు మొదలైంది. ముందు సరదాగా, పిండి జల్లించినట్టు పడింది. గంటలో దారి కనపడలేదు. రెండు గంటల్లో తన బూట్లు కనపడలేదు. ఇక చచ్చానే అనుకున్నాడు. అక్కడ కనుమ నెత్తిన, ఎవరో మహానుభావులు ఎప్పుడో కట్టిన రాతి గుడిసె ఒకటుంది. అది ఉందని మ్యాప్‌లో చూశాడు కాబట్టి, గాలికి ఎదురు పాకుతూ పోయి తలుపు గుద్దుకున్నాడు.

రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు ఆ గుడిసెలోనే. పొయ్యి లేదు. తడి బట్టలు గడ్డకట్టి అట్టముక్కల్లా నిలబడ్డాయి. స్లీపింగ్ బ్యాగ్‌లో ముడుచుకుని, పళ్లు కొట్టుకుంటుంటే దవడ నొప్పెట్టేది. ఇక్కడ పోతే ఎన్నాళ్లకు తెలుస్తుంది, ఎవరు గుర్తుపడతారు, ఆఫీసులో మూడు వారాలయ్యేదాకా ఎవరూ అడగరు కదా అని లెక్కలు వేసుకున్నాడు. చావంటే భయమేసింది, నిజమే. కానీ అంతకన్నా ఎక్కువ భయమేసింది ఎవరూ గమనించరేమోనని.

ఆ భయం మాత్రం ఉత్తదే. ఒక్క సాయంత్రం మెసేజ్ రాకపోయేసరికి ఇర్వింగ్‌లో చాముండేశ్వరమ్మ కంచం ముందు నుంచి లేచిపోయింది. రెండో సాయంత్రం కూడా రాకపోయేసరికి రాగిణి ఆ కొండలుండే కౌంటీ పోలీసులకు, షెరిఫ్ ఆఫీసుకి, ఫోన్ చేసింది. అమ్మ పక్కన కూర్చుని చెబుతుంటే ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. ఒకరు కాదు, నలుగురు. పేర్లు ఇవీ. ఆనవాళ్లు ఇవీ.

మూడో రోజు తెల్లవారేసరికి ఆకాశం విప్పుకుంది. ఎనిమిదిన్నరకి హెలికాప్టర్ చప్పుడు వినిపిస్తే వేణు గుడిసె బయటికి వచ్చి రెండు చేతులూ ఊపాడు. ఇద్దరు దిగారు. వాళ్లలో కుర్రవాడు దుప్పటి కప్పి, వేళ్లు చూసి, వేడి నీళ్లు తాగించి, గుడిసెలోకి తొంగిచూసి అడిగాడు.

"మిగతా ముగ్గురూ ఎక్కడ?"

వేణుకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు చల్లబడింది, అప్పటికే చల్లగా ఉన్న ఒళ్లు. "ఎవరూ లేరు, మా అమ్మకు అబద్ధం చెప్పాను" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ కుర్రవాడు తన ప్రాణానికి తెగించి వచ్చినవాడు, పెద్ద నీలికళ్లతో ఆత్రంగా చూస్తున్నాడు. వాడి ముందు ఆ మాట అనలేకపోయాడు. నలభై మూడేళ్లొచ్చి, నాకు స్నేహితులు లేరు బాబూ, లేక కల్పించుకున్నాను అని ఎలా చెబుతాడు? రెండేళ్ల అలవాటు నోట్లోంచి దానంతటదే మాట్లాడింది.

"వాళ్లు తుఫానుకు ముందే వెనక్కి తిరిగారు. నేనొక్కణ్నే వచ్చాను."

కుర్రవాడు తలాడించి రేడియోలో ఏదో చెప్పాడు. వేణు కళ్లు మూసుకున్నాడు. గండం గడిచిందనుకున్నాడు, పిచ్చివాడు.

హెలికాప్టర్ దించింది కొండకింద, రోడ్డు ఆగిపోయే చోట ఒక పార్కింగ్ స్థలంలో. చుట్టూ ఆస్పెన్ చెట్లు, పసుపు ఆకుల మీద తెల్లటి మంచు. రెండు టెంట్లు, నాలుగు ట్రక్కులు. డెబ్బై ఏళ్ల ముసలాయన ఒకాయన ఎదురొచ్చి కుర్చీ వేసి, గిన్నెలో వేడి సూప్ పోసి చేతికిచ్చాడు. పేరు గ్లెన్ అన్నాడు. ఇక్కడున్నవాళ్లంతా వాలంటీర్లేనని, జీతాలు లేవని, తను మాత్రం మోకాళ్లు పోయి సూప్ డ్యూటీలో పడ్డానని నవ్వాడు.

టెంట్‌లోంచి డెప్యూటీ షెరిఫ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కళ్లద్దాలు సర్దుకుని చేతిలోని కాగితం చదివాడు. "శేషగిరి, యాభై రెండు, నెమ్మదస్తుడు, గుంపులో ఎవరినీ ఒంటరిగా వదలడు. నీరజ్, ఇరవై తొమ్మిది, వేరుశనగ ఎలర్జీ, పెళ్లి సంబంధం ఒకటి ఇంచుమించు కుదిరింది. ఉమాకాంత్, నలభై ఒకటి, సరదా మనిషి, పాటలు పాడతాడు." చదివి తలెత్తాడు. "ఇవన్నీ సరిగ్గా ఉన్నాయా? ఏ రంగు జాకెట్లు వేసుకున్నారో చెప్పగలరా?"

తను ఆదివారాలు సోఫాలో పడుకుని అల్లిన ముక్కలు, ఆ కాగితం మీద ఇంగ్లీషులో, ప్రభుత్వం వారి ముద్ర కింద. వేణు సూప్ గిన్నెలోకి చూశాడు. "గుర్తులేదు" అన్నాడు.

"ఫరవాలేదు. వాళ్లు వెనక్కి తిరిగారని మీరు చెప్పడం మంచిదైంది. మీరు నడిచొచ్చిన ఉత్తరం వైపు దించిన టీమ్‌ని ఇంకా కిందికి, వాగు దాటి లోయలోకి పొమ్మన్నాం."

డెప్యూటీ వెళ్లాక గ్లెన్ సూప్ ఇంకో గరిటె పోశాడు. "ఆ టీమ్‌ని నడిపించేది నా భార్య మార్లీన్. అరవై ఆరేళ్లు. ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తోంది, ఎవర్నీ వదిలేసి రాలేదు. నీ ఫ్రెండ్స్‌ని తీసుకొస్తుంది, నువ్వు బెంగపెట్టుకోకు." అని, పడమటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "పదకొండున్నరకల్లా మళ్లీ మబ్బు వస్తుందంటున్నారు. అది దాటితే హెలికాప్టర్ ఎగరదు. ఈ రాత్రికి వాళ్లు అక్కడే ఉండాలి. ఏం చేస్తాం, ముగ్గురు మనుషులు కదా."

టైమ్ పదీ పది.

వేణు సూప్ గిన్నె కింద పెట్టేశాడు. అరవై ఆరేళ్ల మనిషి. ఆమెతో టీమ్‌లో ఇంకో ముగ్గురు. మంచులో, వాగుల్లో, శేషగిరీ అని అరుస్తూ. తను పడ్డ వాగు ఎంత చల్లనో తనకు తెలుసు. ఇప్పుడు చెబితే నవ్వుతారు, కేసు పెడతారు, తన్నినా తంతారు. చెప్పకపోతే ఒక ముసలమ్మ చస్తుంది. ఇందులో ఆలోచించడానికేముంది? అయినా సిగ్గుమాలిన మనసు ఇంకా ఆలోచించింది. సరిగ్గా పది నిమిషాలు. ఆ పది నిమిషాలను తర్వాత ఎన్నడూ తను క్షమించుకోలేకపోయాడు.

లేచి డెప్యూటీ టెంట్‌లోకి పోయాడు. "సార్, వాళ్లని వెనక్కి పిలవండి. ఎవరూ లేరు. ముగ్గురూ లేరు. మా అమ్మ దిగులుపడకుండా ఉండాలని నేనే కల్పించాను. నేనొక్కణ్నే వచ్చాను. ఎప్పుడూ ఒక్కణ్నే వెళతాను."

డెప్యూటీ అతని మొహంలోకి జాలిగా చూశాడు. కుర్రవాణ్ణి పిలిచి, "చలికి బుర్ర మందగించినట్టుంది, మళ్లీ టెంపరేచర్ చూడు" అన్నాడు.

"నా బుర్ర బాగానే ఉంది! నా పర్మిట్ చూడండి, ఒక్కరికే ఉంది."

"చూశాం. చాలామంది విడివిడిగా పర్మిట్లు తీసుకుని కలిసి నడుస్తారు. గంటన్నర క్రితం మీరే వాళ్లు వెనక్కి తిరిగారన్నారు. ఏది నమ్మమంటారు? మీరు పొరబాటున చెబుతుంటే, మీ మాట విని నేను వెతకడం ఆపితే, అక్కడ ముగ్గురు చనిపోతారు."

చూశారా ఎలాంటి చిక్కో! అబద్ధాన్ని ఒక్కమాటకి నమ్మినవాళ్లు నిజానికి సాక్ష్యం అడుగుతున్నారు. తనకు ఎవరూ లేరని చెప్పడానికి ఎవర్ని సాక్ష్యం తెస్తాడు?

వేణు తన ఫోన్ తెప్పించాడు. దాన్ని అంతకుముందే డెప్యూటీ ట్రక్కులో ఛార్జింగ్‌కి పెట్టారు. గ్యాలరీ తెరిచి ఇచ్చాడు. మొదటి ఫోటోలో వేణు నీలి సరస్సు ముందు, చేతులు కట్టుకుని, నవ్వుతూ నిలువెత్తున ఉన్నాడు.

"ఇది తీసిందెవరు?" అన్నాడు డెప్యూటీ వెంటనే.

"రాయి మీద ఫోన్ పెట్టి టైమర్ పెట్టాను. వెనక్కి జరపండి. దానికి ముందువి చూడండి."

డెప్యూటీ వేలితో వెనక్కి జరిపాడు. అదే సరస్సు, వేణు వీపు. ఫోన్ దగ్గర్నుంచి పరిగెత్తుతున్న వీపు. ఇంకోదాంట్లో చెయ్యి, సగం చెవి. ఇంకోదాంట్లో ఇంకా తిరగకముందే పడిన ఫోటో. మళ్లీ వీపు. మళ్లీ పరుగు. ఒక్క నవ్వు మొహం కోసం పదకొండు పరుగులు. ఇంకో కొండ. ఇంకో చెట్టు. ఎండలో, వానలో, రెండేళ్ల శనివారాలన్నీ ఒక మనిషి రాయి దగ్గర్నుంచి పరిగెత్తి వెళ్లి, ఎవరో తీస్తున్నట్టు నవ్వడం. డెప్యూటీ చాలాసేపు జరుపుతూనే పోయాడు. పక్కనుంచి చూస్తున్న కుర్రవాడు మొహం తిప్పుకున్నాడు.

డెప్యూటీ ఫోన్ బల్ల మీద బోర్లించి రేడియో అందుకున్నాడు. "టీమ్ టూ, వెనక్కి రండి. మనిషి ఒక్కడే. మళ్లీ చెబుతున్నాను, ఒక్కడే. అతనితో ఎవరూ లేరు."

ఆ మాట కొండల మీద ఎన్ని రేడియోల్లో మోగిందో. వేణు బయటికొచ్చి నిలబడ్డాడు. గ్లెన్‌కి అప్పటికే తెలిసిపోయింది. ఆయన టీమ్‌ని తీసుకురావడానికి హెలికాప్టర్ వెళ్లిన దిక్కు చూస్తూ వీపు తిప్పుకుని నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది.

పదకొండూ నలభైకి, పడమట ఆకాశం నల్లగా దిగబడుతుండగా, హెలికాప్టర్ తిరిగొచ్చింది. నలుగురూ దిగారు. అందులో ఒకాయన మొలదాకా తడిసి, ఇద్దరి భుజాల మీద వచ్చాడు. ఆఖరున తెల్లజుట్టు జడ వేసుకున్న పొట్టి మనిషి, బూట్ల నిండా గడ్డకట్టిన మంచుతో, నేరుగా వేణు దగ్గరికి నడిచింది. వేణు తల దించుకున్నాడు.

"నిజంగా ముగ్గురూ లేరా?" అంది మార్లీన్.

"లేరు. నన్ను క్షమించండి."

ఆవిడ పెద్దగా ఊపిరి వదిలింది. "పొద్దున్నుంచి ముగ్గురి శవాలు చూడబోతున్నాననుకుంటూ నడిచాను. లేకపోతే మంచిదేగా." గ్లెన్ ఇచ్చిన కాఫీ రెండు గుక్కలు తాగి, కప్పు చేతులమధ్య పెట్టుకుని, ఈసారి కఠినంగానే అంది. "విను. ఇంకెప్పుడైనా ఒక్కడివే వెళితే ఒక్కడినే అని చెప్పు. ఒక్కడి కోసం కూడా వస్తాం."

వేణుకి అప్పుడు ఏడుపొచ్చింది, అందరి ముందూ, చిన్నపిల్లాడిలా.

అన్నిటికన్నా కష్టమైన పని ఇంకా మిగిలే ఉంది. కొడుకు దొరికాడని ఇర్వింగ్‌కి పొద్దున్నే కబురు వెళ్లింది. డెప్యూటీ తన ఫోన్ ఇచ్చి ట్రక్కులో కూర్చోబెట్టి తలుపేశాడు. రాగిణి ఎత్తింది. "అన్నయ్యా!" అని మాత్రం అని, ఏడుస్తూ అమ్మకిచ్చేసింది.

"నాన్నా వేణూ! ఎలా ఉన్నావురా? కాళ్లూ చేతులూ బాగున్నాయా? అన్నం తిన్నావా? మరి ఆ పిల్లలు దొరికారా? శేషగిరి గారు దొరికారా? గోత్రాలు తెలీక వట్టి పేర్లతోనే ఇక్కడి గుళ్లో అర్చన చేయించానురా."

"అమ్మా, ఒక మాట చెబుతాను. మధ్యలో ఏమీ అనకుండా విను. శేషగిరి గారు, నీరజ్, ఉమాకాంత్ అని ఎవరూ లేరమ్మా. నువ్వు దిగులుపడుతున్నావని నేనే కల్పించి చెప్పాను. రెండేళ్లుగా అన్ని కొండలూ ఒక్కణ్నే ఎక్కాను."

 ఫోన్ కట్టయిందేమోనని వేణు చెవి దగ్గర్నుంచి తీసి చూశాడు. నడుస్తూనే ఉంది.

తిడుతుందనుకున్నాడు. ఆ సంబంధాల వాళ్లకి ఏం చెప్పను అంటుందనుకున్నాడు. ఆవిడ ఆ ఊసే ఎత్తలేదు. కొండల సంగతి కూడా ఎత్తలేదు. నెమ్మదిగా, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటున్నట్టు అడిగింది.

"మరి ఏప్రిల్‌లో కడుపునొప్పని చెప్పావు. డాక్టరు మత్తిచ్చి కెమెరాతో పరీక్ష చేయాలన్నాడు. ఉమాకాంత్ కార్లో తీసుకెళ్లి, పొద్దంతా కూర్చుని, ఇంటికి దింపి వెళ్లాడన్నావు. అంతా నార్మలే అన్నావు. మరి ఎవరు తీసుకెళ్లార్రా?"

వేణు ట్రక్కు అద్దం మీద పేరుకుంటున్న మంచు వైపు చూశాడు. ఇంకో అబద్ధానికి ఓపిక లేదు.

"చేయించుకోలేదమ్మా."

"ఏం?"

"మత్తిస్తారు కదా, ఇంటికి తీసుకెళ్లడానికి తోడు మనిషి ఉంటేనే చేస్తామన్నారు. పేరూ ఫోన్ నంబరూ రాయమన్నారు. రాయడానికి ఎవరూ లేక రెండుసార్లు క్యాన్సిల్ చేశాను."

"నొప్పి తగ్గిందా?"

"లేదు."

ఈసారి ఆవిడ ముక్కు చీదలేదు. కొడుకు కోసం ఇన్నేళ్లుగా ఏడ్చిన మనిషి, తీరా ఏడవవలసిన రోజున, గొంతు సవరించుకుంది.

"నేనొస్తే ఒప్పుకుంటారా? నాకు కారు నడపడం రాదు, ఇంగ్లీషు రాదు. నా పేరు రాయనిస్తారా?"

"రాయనిస్తారమ్మా. ట్యాక్సీలో వెళ్లొచ్చు. పక్కన మనిషుంటే చాలట."

"అయితే రాయి" అంది చాముండేశ్వరమ్మ. తర్వాత అవతల గదిలోకి గొంతెత్తి, సన్నీవేల్‌కి టికెట్లు ఎంతలో ఉన్నాయో చూడవే అని రాగిణిని కేకేసింది.